ఆకు రాలని చెట్టు కోసం బాపట్ల ప్రయాణం

పిల్లలూ, మొన్న బాపట్ల వెళ్ళొచ్చాను. మీ తాతయ్య సమాధి రాయిని పక్కనున్న కోనోకార్పస్ చెట్టు వేళ్ళు పైకి లేపేస్తున్నాయని మా చెల్లెలు మరియమ్మ ఫోన్ చేసింది. సమాధుల పండుగకి వారమే ఉంది. ఆలోగా చెట్టు కొట్టించకపోతే రాయి దక్కదు.

పొద్దున్నే రేపల్లెలో తెనాలి బండి ఎక్కాను. మీరెప్పుడైనా వస్తే కిటికీ పక్కన కూర్చుని చూడండి, గోడల వెంట అన్నీ ఆ చెట్లే. కోలగా నిగనిగలాడే ఆకులు, బఠాణీ గింజంత గరుకు కాయలు. పువ్వు జడలోకి రాదు, కాయ నోట్లోకి రాదు. కత్తిరించి నిలబెడితే పచ్చరంగు వేసిన స్తంభంలా ఉంటుంది. దాన్ని అందమంటారు.

తెనాలిలో దిగి ఇడ్లీ తిని, బాపట్ల బండి కోసం గంటసేపు కూర్చున్నాను. పక్కన వ్యవసాయ పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు. చెట్టు సంగతి అడిగాను.

"ఎక్కడో పరాయి దేశాల్లో, సముద్రపు ఒడ్డున ఉప్పునీటికి ఓర్చుకునే చెట్టండి. మన ఇసకలో దానికి అడ్డేముంది? తడి ఎక్కడుంటే వేరు అక్కడికి పోద్ది" అన్నారు.

పదకొండింటికి బాపట్ల. మా మరిది వరస యోహాను సమాధుల తోట చూసుకుంటాడు. చెట్టు కొట్టమంటే తల గోక్కున్నాడు.

"వేపాకులు తెల్లరాయి మీద పడుతున్నాయని ఉన్న వేపచెట్టు కొట్టించింది నువ్వే కదా వదినా. ఆకు రాలని చెట్టు కావాలన్నదీ నువ్వే."

"నేనే. కొట్టెయ్యమంటున్నదీ నేనే" అన్నాను.

మధ్యాహ్నానికి చెట్టు పడింది. ఆ కొమ్మలు పక్కింటి మేకల ముందు వేస్తే వాసన చూసి పక్కకి పోయాయి. మేకకున్న తెలివి నాకు లేకపోయింది. రాయి కింది వేరు నరికాక రాయి కిందికి దిగింది గానీ, తాతయ్య పేరు మీదుగా బీట మిగిలిపోయింది. సిమెంటు పూసినా కనపడుతూనే ఉంది.

సాయంత్రం తెనాలి నుంచి రేపల్లె బండిలో ఎదురుగా ఒకావిడ ఒళ్ళో అదే మొక్క.

"ఆకు రాల్చదంట పిన్నిగారూ. వాకిలి ఊడ్చే పనుండదు."

"ఆకైతే ఊడిస్తే పోయేదమ్మా" అని, బీట సంగతంతా చెప్పాను. అయ్యో అంటూ శ్రద్ధగానే వింది. రేపల్లె రాగానే, చిగురు విరక్కుండా మొక్కకి కొంగు అడ్డం పెట్టుకుని దిగిపోయింది.