అక్షింతల పురుగు కోసం అచ్చంపేటకు

ఐసు పెట్టెను ఒళ్లో పెట్టుకుని బస్సెక్కొద్దని ముందే చెబుతున్నాను. ఈ వానాకాలంలో నేను మూడుసార్లు ఎక్కాను. మూడుసార్లూ ఒంటి మీది బట్టలు తడిసి, ఎదుటివాళ్లు జాలిగా చూశారు. ఇది మూడో ప్రయాణం సంగతి.

ఉదయం ఆరుంబావుకు హైదరాబాద్ పెద్ద బస్టాండులో కల్వకుర్తి మీదుగా అచ్చంపేట పోయే బస్సు దొరికింది. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్, కాబట్టి ఖర్చు రాయడానికేమీ లేదు. కండక్టర్ మాత్రం నా థర్మకోల్ పెట్టెను అనుమానంగా చూసి, "చేపలా మేడమ్? చేపలైతే ఎన్క డిక్కీల పెట్టుర్రి" అన్నాడు. చేపలు కాదు, మందు అన్నాను. ఎవరికని అడిగాడు. వంకాయ తోటకు అన్నాను. నన్ను ఓసారి ఎగాదిగా చూసి ముందుకు పోయాడు.

నేను ఒక ప్రయోగశాలలో టెక్నీషియన్‌ని. పెట్టెలో ఉన్నది పురుగు జన్యువు నోరు మూయించే మందు. వంగ ఆకుల్ని గీకి గీకి జల్లెడ చేసే అక్షింతల పురుగు మీద మా ప్రయోగం. దానికి పేరులో ఉన్న మంగళం పనిలో లేదు.

అచ్చంపేట దగ్గరి ఒక పల్లెలో బాలమ్మ అనే రైతు అరెకరంలో మా పరీక్ష మడి ఉంది. సగం జీవితం వేరేవాళ్ల చేలల్లో కూలికి వంగి, ఆ అరెకరాన్ని సంపాదించుకున్న మనిషి. నిరుడు ఆమె భర్త సాయిలు ఘాటు మందు కొడుతూ సాలులోనే పడిపోయి, ఆరు రోజులు మహబూబ్‌నగర్ దవాఖానలో ఉన్నాడు. ఆనాటి నుంచి ఆమె ఇంట్లోకి మందు డబ్బా రాలేదు. మా మందు మీదే ఆశ పెట్టుకుంది.

మడిలో ఎనిమిది సాళ్లు. ఆకుపచ్చ జెండాల నాలుగింటికి మా మందు, ఎర్ర జెండాల నాలుగింటికి ఉత్త నీళ్లు. మందు పనిచేసిందని తేలాలంటే నీళ్ల సాళ్లను పురుగుకు వదిలేయాలి మరి. ఆ రోజు ఆఖరి లెక్క, దాని తర్వాత ఆఖరి పిచికారీ. తేడా బాగా కనిపిస్తే వచ్చే పంటకు అరెకరమంతా ప్రయోగంలోకి వస్తుంది. లేకపోతే మడి ఎత్తేస్తామని మా ప్రయోగశాల సార్ ముందే చెప్పేశారు.

ఆమన్‌గల్‌లో ఒక పెద్దాయన ఎక్కి పక్కన కూర్చున్నాడు. పత్తి రైతట, కల్వకుర్తిలో దిగుతాడట. పెట్టె సంగతి చెప్పేదాకా వదల్లేదు. మాది నల్గొండ వైపు నేత కుటుంబం, అందుకని నాకు మగ్గం భాషే ముందు నోటికొస్తుంది. జకార్డు మగ్గం మీద చిల్లుల అట్టలు వరుసగా తిరుగుతుంటాయి, ఏ అట్ట వస్తే ఆ దారాలు లేచి చీర మీద పువ్వు పడుతుంది, అట్ట చించేస్తే పువ్వు లేదు అని మొదలుపెట్టాను. పురుగు ఒంట్లోనూ అలాగే ఏ సరుకు తయారుకావాలో చెప్పే చీటీలుంటాయి. వాటిలో ఒకదానికి సరిపోయే జంట పోగును తయారుచేసి ఆకు మీద కొడతాం. పురుగు ఆకుతో పాటు దాన్నీ తింటుంది. లోపల ఆ పోగు ముక్కలవుతుంది, ఆ ముక్కల్ని పట్టుకుని పురుగు ఒళ్లే తన చీటీని తాను చింపేసుకుంటుంది. బతకడానికి కావలసిన సరుకు తయారుకాక కొన్నాళ్లకు రాలిపోతుంది. తేనెటీగ చీటీ వేరు, మన చీటీ వేరు. వాటికి అతకకుండా చూసి మరీ పోగు తయారుచేస్తాం.

ఆయన అంతా విని, "గంతే గదా, ఇంటిగుట్టు లంకకు చేటు" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. నేను మూడు ఊళ్లు దాటేదాకా చెప్పింది అదే. మరి పత్తి పురుగుకెప్పుడు తెస్తారని అడిగాడు. గొంగళి జాతి పురుగుల కడుపు మా పోగును ముందే అరిగించేస్తుంది, దానికింకా టైం పడుతుందన్నాను. అయితే వంకాయల వాళ్లే అదృష్టవంతులని నిట్టూర్చి, ఎనిమిదిన్నరకు దిగిపోయాడు.

కల్వకుర్తిలో బస్సు పావుగంట ఆగింది. ఇడ్లీ వేడిగా ఉంది, చట్నీ నీళ్లుగా ఉంది, చాయ్ మాత్రం బ్రహ్మాండం. పది దాటాక అచ్చంపేటలో దిగాను. అక్కడి నుంచి షేరింగ్ ఆటోలో, నాతో పాటు ఏడుగురు, రెండు మేకపిల్లలు. పదకొండుకు ముందే చేనులో ఉన్నాను.

బాలమ్మ ఎదురొచ్చి పెట్టె అందుకుంది. నేను కాగితం, పెన్ను తీసి ఆకుపచ్చ సాళ్లలోకి దిగాను. ఆకులు నిగనిగలాడుతున్నాయి, పురుగులు ఎక్కడో ఒకటీ అరా. నాకు పాట పాడాలనిపించింది. తర్వాత ఎర్ర జెండాల సాళ్లలోకి వెళ్లాను. అక్కడా అంతే! ఏవో పాత గీకుళ్లు తప్ప ఆకులు పచ్చగా, నిక్షేపంగా ఉన్నాయి. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాను. తేడా లేదు. మందుకూ నీళ్లకూ తేడా లేదంటే ఇన్నాళ్లూ మేం పెట్టెలో మోసింది నీళ్లేనా?

పక్క చేను వాళ్లు మందేమైనా కొట్టారా అని బాలమ్మను అడిగాను. లేదంది. పొరపాటున జెండాలు మారాయా అన్నాను. లేదంది. ఎండలో నిలబడ్డావు, జర మజ్జిగ తాగమని లోటా చేతిలో పెట్టింది. నా కళ్లలోకి మాత్రం చూడలేదు.

గుట్టు బయటపెట్టింది సాయిలు. గట్టు మీద కూర్చుని తన కష్టం తాను చెప్పుకుంటున్నాడు. "పొద్దుగాల లేస్తది, ఉత్త డబ్బ వట్టుకొని గీ ఎర్ర జెండాలల్ల వడ్తది. తొమ్మిది దాటినంక గని నాకు చాయ్ లేదు మేడమ్."

నేను బాలమ్మ వైపు తిరిగాను. రోజూ పురుగులు ఏరుతున్నావా పెద్దమ్మా అంటే తల దించుకుంది. ఏరినవి కోళ్లకు వేస్తోందట. నాకు కోపం వచ్చింది. మామూలుగా కాదు, చేతిలో కాగితం చింపేయాలన్నంత వచ్చింది. వాటిని ముట్టుకోవద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పానా లేదా అని గట్టిగానే అడిగాను.

"చెప్పినవ్ బిడ్డా. గని అన్నీ నా చేతుల్తోని నాటినయే. ఒక్క తల్లి పిల్లలల్ల ఒకనికి బువ్వ పెట్టి ఇంకొకని ఎండవెడ్తమా?"

ఆమె మెల్లగా గట్టు మీద కూలబడి, మడి తీసేస్తారా అని అడిగింది. ఈయనను మళ్లీ ఆ విషం పంపు ఎత్తుకోమని చెప్పలేనంది. నా కోపం సగం అక్కడే పోయింది.

ఆకుపచ్చ సాళ్లలో కూడా ఏరావా అని చివరికి అడిగాను. ఆ మాటకు తలెత్తింది.

"గవి ముట్టలే. ముట్టే పనే వడలే."

అది కాగితం మీద రాసుకున్నాను. ఆమె జొన్నరొట్టె, వంకాయ కూర పెట్టింది. మిగతా సగం కోపంతోనే తిన్నాను, అయినా రెండో రొట్టె అడిగాను. తర్వాత ఆకుపచ్చ సాళ్లకు ఆఖరి పిచికారీ చేసి, ఖాళీ పెట్టెలో ఆకుల నమూనాలు సర్దుకుని బయల్దేరాను.

అచ్చంపేటలో మూడుంబావు బస్సు. కిటికీ పక్క సీటు దొరికింది, వెనక నల్లమల కొండలు మబ్బులో పడిపోయాయి. కల్వకుర్తి దాటాక సార్‌కు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఈ లెక్క పనికిరాదన్నారు. తెలుసన్నాను. ఆకుపచ్చ సాళ్లలో ఒక్క రోజూ ఏరలేదా అని మళ్లీ అడిగారు. ఏరే పనే పడలేదట సార్ అన్నాను. ఆయన గొంతులో నవ్వు వినపడింది. మడి ఉంచుదాం, పరీక్ష మళ్లీ మొదటి నుంచి చేద్దాం, ఈసారి సాళ్లకు వల గుడారాలు కట్టి, పురుగుల్ని లెక్కపెట్టి లోపల వదిలి తాళం వేద్దాం అన్నారు.

మీరెవరైనా ఆ దారిన పోతే కల్వకుర్తిలో చాయ్ తాగండి, ఆటోలో మేకపిల్లలకు చోటివ్వండి. పొలంలో పరీక్ష పెట్టేవాళ్లైతే మొక్కల్ని, పురుగుల్నే కాదు, మనిషిని కూడా లెక్కలో వేసుకోండి. మేం వేసుకోలేదు.

ఆమన్‌గల్ వచ్చేసరికి ఆగలేక బాలమ్మకు ఫోన్ చేశాను. మడి తీసేయడం లేదనగానే, బాంచెన్ బిడ్డా, సల్లగుండు అంటూ సాయిలును కేకేసింది. వల సంగతి, తాళం సంగతి కూడా చెప్పాను. అంతా శ్రద్ధగా విని అడిగింది:

"తాళంచెవి నాకాడనే ఉంటది గద బిడ్డా?"