చివరి పాదంలో సిరా

ఒక పని చేశాను. దాన్ని ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. డర్బన్ ఊళ్ళోనే సిడెన్‌హామ్‌లో అద్దె గది ఖాళీ చేసి రిజర్వాయర్ హిల్స్‌కి మారినప్పుడు పాత మంచం, కుర్చీలు అక్కడే వదిలేశాను. ఇది మాత్రం నా వెంటే వచ్చింది. మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. బహుశా అందుకే మీ దగ్గర నోరు పెగులుతోంది.

విశాఖపట్నం నుంచి డర్బన్‌కి డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం మీద వచ్చాను. దక్షిణాఫ్రికాలో తెల్లా నల్లా అందరూ కలిసి మొదటిసారి ఓటు వేసి అప్పటికి ఎంతో కాలం కాలేదు. నా చదువు డిప్లొమాతో ఆగింది కానీ చదవడం ఆగలేదు. సాయంత్రాలు లైబ్రరీలోనే. అక్కడే చైనా ప్రాచీన కవిత్వం మీద, దాన్ని కుంచెతో రాసే కళ మీద రెండు పుస్తకాలు దొరికాయి. మొదటిది పూర్తి చేశాను. రెండోది సగం చదివాను. ఆ సగానికే అంతా తెలిసిపోయిందనుకున్నాను.

నా అద్దె గది యజమానురాలిని వీధంతా అవ్వ అనేవారు. చెరుకు తోటల్లో పనికి వచ్చిన తెలుగువాళ్ళ మనవరాలు. "ఏట్రా అబ్బాయ్, లైబ్రరీ అంతా తినేసొచ్చినావా? మరి నా బీన్స్ కూర ఎవురు తింతారు?" అనేది. వీధి మలుపులో కొట్టు పెద్దాయన దగ్గరికి నన్ను తీసుకెళ్ళింది ఆవిడే. "షాపు తాతకీ నీలాగే రాతల పిచ్చి" అని నవ్వింది. ఆయన చైనా మనిషి. భార్య పోయి చాలా కాలమైంది. కళ్ళలో శుక్లాలు. కొట్టు వెనక మసక గదిలో, గోడకి బాగా ఎత్తుగా, తన చేత్తో రాసుకున్న ఒక నిలువు పటం ఉండేది. వందల ఏళ్ళనాటి కవిత. వెళ్ళిపోతున్న మనిషిని కనుమరుగయ్యేదాకా చూస్తూ నిలబడ్డవాడి మాటలు. భార్యను మట్టి చేసి వచ్చిన రోజు రాశానని చెప్పాడు.

లైబ్రరీలో ప్రదర్శన పెడుతున్నారు. ఊళ్ళో అన్ని జాతులవాళ్ళ కళలూ ఒకే గోడ మీద. ఆ రోజుల్లో ఎక్కడ చూసినా అదే ఉత్సాహం. పటం ఇమ్మని నేనే బతిమాలాను. దుమ్ము దులిపి, అద్దం కట్టించి, పక్కన కవిత అర్థం రాసి పెడతానన్నాను. చదువుకున్నవాణ్ణని నమ్మి ఇచ్చాడు.

బల్ల మీద పరిచి చూస్తే చివరి పాదంలో గీతలు తెగి ఉన్నాయి. నలుపు మధ్య తెల్లటి చారలు. చివరి అక్షరమైతే సగం లేనట్టే. నా వృత్తిలో తెగిన గీత అంటే తప్పు. చెమ్మకి సిరా లేచిపోయిందనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నానా? లేక నేను తెచ్చిన పటం అందరి ముందూ నిండుగా కనబడాలనుకున్నానా? ఇప్పటికీ తేల్చుకోలేను. సన్నటి డ్రాయింగ్ పెన్నుతో, ఊపిరి బిగబట్టి, ఒక్కో చారనీ నింపాను. చెయ్యి ఎక్కడా తప్పలేదు. నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

ఆ తర్వాతే రెండో పుస్తకంలో మిగిలిన సగం చదివాను. కుంచెలో సిరా ఆరిపోతున్నా మళ్ళీ ముంచకుండా రాస్తే, గీతలోంచి కాగితం తెలుపు కనబడుతుంది. దాన్ని అపురూపంగా చూస్తారు. రాసిన గీతని దిద్దడమన్నది ఆ కళలో లేదు. కవితలో మనిషి కనుమరుగవుతున్నట్టే ఆయన కుంచె కింద సిరా కనుమరుగయింది. నేను దాన్ని పట్టి నల్లగా నిలబెట్టాను.

అద్దం కట్టించిన పటం తీసుకుని, చెబుదామనే వెళ్ళాను. ఆయన పటాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, ముఖం దాదాపు అద్దానికి ఆనించి చూశాడు. చివరి పాదం దగ్గర ఆగిపోయాడు.

"తంబీ," అన్నాడు. కొట్టుకొచ్చే తమిళుల దగ్గర నేర్చుకున్న పిలుపు. "నీ కళ్ళు మంచివి. ఇక్కడ తెలుపు ఉందా?"

"లేదు అంకుల్."

"కొంచెం కూడా?"

"నలుపే."

నవ్వాడు. "ఆ రోజు ఒక్కసారే ముంచాననుకున్నాను. సిరా అయిపోయినా ఆగకుండా రాశాననుకున్నాను. మళ్ళీ ముంచానన్నమాట, యా? ఆమెను పాతిపెట్టి వచ్చి, గీత అందంగా రావాలని చూసుకున్నాను. ముసలివాళ్ళ గొప్పలు, తంబీ. నమ్మకూడదు."

నిజం నోటిదాకా వచ్చింది. అక్కడే ఉండిపోయింది. తిడతాడని భయం కాదు. నాకు తెలియదన్న సంగతి ఆయనకి తెలియడం ఇష్టం లేకపోయింది. అంత చిన్న కారణానికి ఒక మనిషి దుఃఖాన్ని అబద్ధం చేయనిచ్చాను.

పటం ప్రదర్శనకి ఇవ్వనన్నాడు. ఆదివారాలు పాత పేపర్ల మీద అక్షరాలు రాస్తుండేవాడు, అదీ మానేశాడు. "తాత ఆ బొమ్మని గోడకేసి తిప్పేసినాడే. నువ్వేటన్నా అన్నావా?" అని అవ్వ అడిగింది. "నేనేమీ అనలేదవ్వా" అన్నాను. అది అబద్ధం కాదు. అదే నన్ను తినేస్తోంది.

కొన్నేళ్ళకి ఆయన పోయాడు. చివరిదాకా తనని తాను అనుమానించుకుంటూనే ఉన్నాడా? మరిచిపోయి ఉంటాడని కొన్నిసార్లు సర్దిచెప్పుకుంటాను. కానీ అలాంటిది ఎవరు మరిచిపోతారు?

క్షమించమని అడగడానికి ఆయన లేడు. మిమ్మల్ని అడిగే హక్కు నాకు లేదు. ఆయనకి చెప్పాల్సిన మాట ఒకటి మిగిలిపోయింది. దాన్ని ఇలా కాగితం మీద పెడుతుంటే, చాలా కాలానికి ఊపిరి సరిగ్గా ఆడుతోంది.

అంకుల్, మీరు ఆ రోజు ఒక్కసారే ముంచారు. రెండోసారి సిరా పెట్టింది నేను.