వంతెన మొదట్లో మా మామ

మా మామ మొన్న తెల్లవారుజామున పోయాడు. నిద్రలోనే, తన మంచం మీదే. అత్తమ్మ ఫోన్ చేసి ఏడుస్తూ చెప్పిన మొదటి మాట అదే: "మంచంల్నే పోయిండు బిడ్డా." ఇంకో ఇంట్లో అయితే ఇప్పుడా మాట ఎందుకు అనిపించేది. మాకు మాత్రం అర్థమైంది. మనిషన్నవాడు మంచంలో పోవాలి గాని రోడ్డు మీద పోకూడదని చెప్పి చెప్పి మామ మా చెవులకు తూట్లు పొడిచాడు. సూరత్‌లో మా లింబాయత్ గల్లీలో ఆ మాట విననివాళ్లు లేరు.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. మీసం మొలవకముందే సిరిసిల్ల దిక్కు నుంచి వచ్చి ఇక్కడ సాంచెల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, పనికి కుదిరాడు. ఆ చప్పుడుకు చెవులు సగం పోయాయి. చేతులు మాత్రం బంగారం. పోగు తెగితే చాలు, సాంచె ఆపి, రెండు కొసలూ పట్టి, మనం చూసేలోగా ముడేసేవాడు. చివరికి ఆ అలవాటే ఆయన కొంప ముంచింది.

ఉత్తరాయణం, అదే మన సంక్రాంతి, వచ్చిందంటే సూరత్ ఆకాశమంతా గాలిపటాలే. తెగిన మాంజా రోడ్లకు అడ్డంగా వేలాడుతుంది. గాజుపొడి పూసిన దారం, బండి మీద వచ్చేవాడికి మెడ దగ్గరికి వచ్చేదాకా కనబడదు. ఒక ఏడు పండుగ మర్నాడు మామ పాండేసర నుంచి బండి మీద వస్తుంటే వంతెన మీద అలాంటి దారమే ఎదురొచ్చింది. ఇంకెవరైనా తల వంచేవాళ్లు. సాంచె మనిషి కదా, దారం కనబడగానే చెయ్యి దానంతట అదే పోయింది. ఎడమచేతి రెండు వేళ్లు ఎముకదాకా తెగాయి. చెయ్యి అడ్డం పెట్టావు కాబట్టే గొంతు దక్కిందని డాక్టర్ మెచ్చుకున్నాడు. మామ ఆ మెప్పు తీసుకోలేదు. "ఆపుదామని పెట్టలే బిడ్డా, పట్టుకొని ముడేద్దామని పెట్టిన" అని కట్టు కట్టిన చేతిని చూసుకుంటూ నవ్వాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

ఆ వేళ్లు మళ్లీ వంగలేదు. ముడి వేయలేనివాడికి సాంచె మీద ఏం పని? కార్ఖానా సేఠ్ దయతలచి గేటు దగ్గర కూర్చోబెట్టాడు. తర్వాత వచ్చిన ఉత్తరాయణానికి సర్కారు ఆ వంతెన మీద బైకులు, స్కూటర్లు పోకుండా ఆపేసింది. దారాలు కిందికి రాకుండా దీపస్తంభాల మధ్య తీగలు కట్టించింది. పోలీసులు చౌరస్తాలో నిలబడి, వచ్చిన బండికల్లా హ్యాండిల్ ముందు కమానులాంటి ఇనుప తీగ ఉచితంగా బిగించారు. మెడకు రావలసిన దారం దానికి తగిలి పైకి జారిపోతుంది. సర్కారును తిట్టనిదే చాయ్ తాగని మా మామ, "మన గొంతుల గురించి గూడ ఆలోచన జేసిండ్రు" అని గల్లీ అంతా తిరిగి చెప్పాడు. అంతటితో ఊరుకోక పోలీసు చౌకీకి వెళ్లి నేనూ నిలబడతానన్నాడు. మనవాళ్లకు మన మాటలో చెప్పే మనిషి వాళ్లకూ కావాలి, మెరిసే జాకెట్ ఒకటి ఇచ్చారు.

అప్పటినుంచి ఏటా పండుగ రోజుల్లో వంతెన మొదట్లో మామే. తెలుగులో తిట్టారు, హిందీలో తిట్టారు, గుజరాతీలో తిట్టారు. సగం చెవుడు ఇన్నాళ్లకు అక్కరకొచ్చిందనేవాడు. మరీ మీదికొచ్చిన వాళ్లకు ఒకటే చెప్పేవాడు: "ఒక్క పోగు తెగితే సాంచె బంద్ జేస్తం. మనిషి కోసం జర ఆగలేమా?"

ఒకసారి మా ఆయన మా చిన్నదాన్ని స్కూటర్ ముందు నిలబెట్టుకుని, నన్ను వెనక ఎక్కించుకుని సరిగ్గా అక్కడికే తీసుకుపోయాడు. కతర్‌గామ్‌లో మా ఆడబిడ్డ ఇంట్లో భోజనాలు, కింది నుంచి పోతే బోలెడంత చుట్టు. మామ చెయ్యి అడ్డం పెట్టాడు. సొంతవాళ్లను కూడా ఆపుతావా అని మా ఆయన అందరి ముందూ గొంతు పెంచాడు.

"చుట్టాలని దారం ఆగుతదా అల్లుడూ?" అన్నాడు మామ, మెల్లగా.

మా ఆయన మూతి ముడుచుకుని బండి తిప్పబోయాడు. మామ అప్పుడూ వదల్లేదు. కింద కూర్చుని, వంగని వేళ్లతో తంటాలు పడుతూ మా బండికి తీగ బిగించి పంపాడు. పండుగంతా మా ఆయన ఆయనతో మాట్లాడలేదు.

పండుగ అయ్యాక వంతెన తెరిచారు. ఒక సాయంత్రం ముగ్గురం దాని మీదుగా వస్తున్నాం, చిన్నది ఎప్పటిలా ముందర నిలబడి ఉంది. సర్రుమని చప్పుడైంది. తీగను గీసుకుంటూ ఒక దారం మా తలల పైనుంచి పోయింది. బండి పక్కకు ఆపి చూస్తే తీగ మీద రంగు ఒకచోట లేచిపోయి ఉంది, సరిగ్గా నా బిడ్డ మెడ ఎత్తున. ఇంటికి కాకుండా నేరుగా మామ దగ్గరికి పోయాం. మా ఆయన మామ కాళ్ల మీద పడ్డాడు. నాకెందుకయ్యా, ఆ తీగకు మొక్కు అని లేపి, అత్తమ్మతో చాయ్ పెట్టించాడు.

మర్నాడే మామ చిన్నదానికి చిన్న హెల్మెట్ పట్టుకొచ్చాడు. పోలీసు కనబడితే నెత్తిన పెట్టుకుని పట్టీ వేలాడేసుకునే వాళ్లంటే మామకు ఒళ్లు మంట. గల్లీలో ఎవరు బండి తీసినా గదవ కింద వేలు పెట్టి చూసేవాడు. "టిక్కుమన్నదా?" అంటాడు. అన్నదంటే, "నాకు ఇనబడలే, మళ్ల పెట్టు" అంటాడు. ఎంత తొందరలో ఉన్నా విప్పి మళ్లీ పెట్టాల్సిందే. పెద్దవాళ్లం గొణుక్కుంటూ పెట్టేవాళ్లం. మామను తాతా అని పిలిచే చిన్నదానికి అదో ఆట. ఆయన ఉన్నన్నాళ్లూ మా గల్లీ నుంచి పట్టీ పెట్టుకోకుండా బండి బయటికి పోలేదు. ఇంత మనిషి మా ఇంటి మనిషి కావడం మా అదృష్టం.

నిన్న పొద్దున చిన్నదాన్ని బడికి తీసుకుపోతున్నాను. హెల్మెట్ పెట్టుకుంది, పట్టీ టిక్కుమంది. నేను బండి స్టార్ట్ చేశాను.

"రుకో మమ్మీ, తాతకు ఇనబడలే" అంది.

పట్టీ విప్పి, మామ ఇంటి వైపు తిరిగి, మళ్లీ పెట్టింది, గట్టిగా.