రూతమ్మ హద్దురాయి

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి వైపు ఒక మండలానికి సర్వేయర్‌గా బదిలీ అయినప్పుడు నా రిటైర్మెంట్‌కు మూడేళ్లుంది. మక్క చేలు కోతకొచ్చిన చలికాలం. పొద్దున్నే పొలానికి వెళ్తే మంచులో మనుషులు కనబడేవారు కాదు, కొలత గొలుసు చప్పుడు మాత్రం వినబడేది. ఆ రోజులు ఇప్పటికీ నాకు కలలో చూసినట్టే గుర్తొస్తాయి.

భూమి కొలవాలంటే టిప్పన్, అంటే పాత కొలతల పటం, ముందు పెట్టుకొని, కదలని రాయి దగ్గర మొదలుపెట్టాలి. రూతమ్మ అనే రైతు చేను కొలిచిన రోజు నేను ట్రాక్టర్ తగిలి జరిగిన రాయి దగ్గర మొదలుపెట్టాను. సరిచూసుకోలేదు, బద్ధకం. ఆరు సాళ్ల మేర ఆమె భూమి పక్కాయనకు పోయింది. ఆమె అర్జీ పెట్టింది. కొన్నాళ్లకే పక్క చేను కొలుస్తుంటే తప్పు నాదేనని తెలిసింది. చెబితే మెమో, విచారణ, పింఛనుకు చిక్కు. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

ఒక శనివారం పొద్దున, మంచుకు తడిసిన శాలువాతో ఆమే ఆఫీసుకు వచ్చింది.

"సారూ, నువ్వు తప్పు కొలిచినవని నాకెరుకే. నీ మీద కోపంతోని ఏడాది సంది బల్ల ముట్టలే. రేపు తీసుకుంట. నిన్ను మాఫీ చేసిన, గది చెప్పిపోదామని వచ్చిన."

బల్ల అంటే చర్చిలో రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడం. మనసులో పగ ఉంచుకొని దాన్ని ముట్టకూడదని వాళ్ల కట్టుబాటు.

నాకు ప్రాణం లేచొచ్చింది. అయితే అర్జీ వాపసు తీసుకుంటారా అని అడిగాను. ఆమె నవ్వింది.

"గదెట్ల సారూ? మాఫీ నీకు. రాయి తన జాగల లేదు గద! మా గ్రంథంల మీ అసొంటి సర్కారు మనిషే ఉన్నడు, జక్కయ్యని, పన్నులు వసూలు చేసెటోడు. నీ ఇంటికొస్తనని యేసు అన్నంకనే, అన్యాయంగ తీసుకున్నది వాపసిస్తనన్నడు. ఎవ్వలు అడుగలే."

ఆమె వెళ్లాక ఆ చేను టిప్పన్ తీసి ముందు పెట్టుకున్నాను. కిటికీ అవతల మంచు విడిపోయి ఎదురుగోడ మెల్లగా తేలింది. ఏడాదంతా భయపడ్డాను గానీ సిగ్గుపడింది మాత్రం ఆ పూటే.

తప్పు నాదేనని పై అధికారికి రాసిచ్చాను. ఇద్దరు రైతులకూ నోటీసులిచ్చి, మూడు హద్దులు కలిసేచోట కదలకుండా ఉన్న రాయి నుంచి మళ్లీ కొలిచాను. పక్కాయన గొణుక్కుంటూనే పంచనామా మీద సంతకం చేశాడు. నాకు మెమో వచ్చింది, ఒక ఇంక్రిమెంట్ ఆగింది.

నేను క్రైస్తవుణ్ని కాను. క్షమించడమంటే ఫైలు మూసేయడమని అనుకునేవాణ్ని. రూతమ్మ ఆ ఆదివారమే బల్ల తీసుకుంది. రాయి తన చోటికి రావడానికి ఇంకో నెల పట్టింది. ముందు మాఫీ, ఆ వెనకే రాయి సరిచేయడం: నేను నేర్చుకున్నది ఆ వరుస.