కాడ్ చేప మూడో రెక్క

రిటైర్మెంట్‌కు రెండేళ్ల ముందు నన్ను పోచంపాడ్ నుంచి నిజామాబాద్‌కు మత్స్య అభివృద్ధి అధికారిగా బదిలీ చేశారు. అప్పటిదాకా సర్వీసంతా బొచ్చె, రవ్వ లాంటి చెరువు చేపలతోనే గడిచింది. చల్లని సముద్రాల చేపలు నాకు కాలేజీ పుస్తకంలోని బొమ్మలుగానే తెలుసు.

ఆ వేసవిలో ఊళ్లోని కంఠేశ్వర్ ప్రాంతంలో ఒక హోటల్ మీద ఫిర్యాదు వచ్చింది. కాడ్ అనే చల్లని సముద్రపు చేప పేరుతో వేరే చేప వడ్డిస్తున్నారని రాసినవాడు కమ్మర్‌పల్లి గంగారాం. దుబాయ్‌లో పన్నెండేళ్లు వంటశాలలో పనిచేసి వచ్చినవాడు. మేము చేప జాతి నిర్ధారించి రాసిస్తాం. చర్య వేరే శాఖది. కానీ నేను ‘కాదు’ అని రాస్తే యజమాని ఖాజా భాయ్ హోటల్ మూతపడడం ఖాయం.

నేను వెళ్లేసరికి ఇద్దరూ వాదులాడుకుంటున్నారు.

"గిది కాడ్ అయితె నా మీసం తీయించుకుంట సార్," అన్నాడు గంగారాం.

ఖాజా భాయ్ ఫ్రీజర్‌లోంచి కట్టెలా బిగిసిన మూరెడు చేపను తెచ్చి బల్ల మీద పెట్టాడు. నేను కళ్లజోడు సర్దుకుని, అందరికీ వినిపించేలా పాఠం చెప్పాను. కాడ్‌కు వీపు మీద మూడు రెక్కలు, పొట్ట వెనక రెండు, గదువ కింద ఒక చిన్న మీసం ఉంటాయి. అది గాడిడే అనే కుటుంబానికి చెందింది. దాని చుట్టమైన హేక్‌కు వీపు మీద రెండే రెక్కలు, మీసం ఉండదు. లెక్కపెట్టాను. రెండే. మీసం లేదు. ‘కాడ్ కాదు, హేక్’ అని ఆఫీసు కాగితం మీద సిరాతో రాసేశాను.

ఖాజా భాయ్ ముఖం పాలిపోయింది. "సాబ్, డబ్బా మీద కాడ్ అనే ఉన్నది గదా!"

డబ్బా సాక్ష్యం కాదన్నాను.

వంటమనిషి సాయవ్వకు మా గొడవ పట్టలేదు. కూరకు ఆలస్యమవుతోందని చేప మీద రెండు చెంబుల నీళ్లు గుమ్మరించింది. కాసేపటికి నన్ను పిలిచింది.

"సారూ, గదువ కింద గిదేంది, దారప్పోగు లెక్క?"

మంచులో అతుక్కుపోయిన మీసం అది. వేలితో వీపు నిమిరితే, ఒంటికి అంటుకుని పడుకున్న మరో రెక్క లేచింది. తిరగేస్తే కింద రెండు. అసలు పొట్టవైపు రెక్కలు నేను లెక్కపెట్టనేలేదు.

గంగారాం నోరెళ్లబెట్టాడు. "మరి దుబాయ్‌ల తిన్న రుచి ఏది?"

"చింతపండు పులుసుల ఉడికిస్తే ఏ శాపైనా గట్లనే ఉంటది," అంది సాయవ్వ.

మంగలి దుకాణం ఎదురుగానే ఉందని ఖాజా భాయ్ మర్యాదగా గుర్తుచేశాడు. గంగారాం మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆటో ఎక్కాడు.

నేను అంత తేలిగ్గా బయటపడలేదు. ఆఫీసు కాగితం చింపడానికి వీల్లేదు. తప్పు వాక్యాన్ని ఒక్క గీతతో కొట్టేసి, పక్కన పొట్టి సంతకం పెట్టి, ఖాజా భాయ్ ఎదుటే ‘కాడ్’ అని రాశాను. పై అధికారి సంజాయిషీ అడిగితే చేప గడ్డకట్టి ఉందని జవాబిచ్చాను. కరిగేదాకా ఆగడం నా పనేనని మాత్రం రాయలేదు.

మంచు పూర్తిగా విడిచాక, రెండువైపులా తిప్పి చూశాకే చేపకు పేరు పెట్టాలి. అప్పటిదాకా పెన్ను జేబులోనే ఉండాలి.