వేషం తీయమన్న టీచరమ్మ

మా టీచరమ్మ పోయారు. గ్యాసు అనుకుంటూ పోయారు. విడవలూరు మండలంలో, సముద్రం ఒడ్డున ఉన్న మా ఊళ్లో సగంమందికి సైన్సు చెప్పిన మనిషి, గుండె పట్టేస్తుంటే అది గ్యాసేనని నన్ను దబాయించి మరీ పోయారు.

ఆవిడ చుట్టూ కూర్చున్నవాళ్లందరిదీ ఒకటే మాట. "పుణ్యాత్మురాలు, ఎవురి చేతా చేయించుకోకుండా పోయింది." విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండింది. ఏం పుణ్యం? నెల్లూరు ఆస్పత్రి ఏమంత దూరం? గుమ్మం ముందు ఆటో నిలబడి ఉంది. మొండిమనిషి అనండి, ఒప్పుకుంటాను.

రిటైరయ్యాక ఆవిడ తన ముందుగదిలో, ఎవరో వద్దని వదిలేసిన పాత కంప్యూటర్లు పెట్టి ఆడపిల్లలకి నేర్పేవారు. ఒకప్పుడు ఆవిడ దగ్గరే చదువుకున్నదాన్ని, సాయంత్రాలు నేనూ వెళ్లి లెక్కలు చెప్పేదాన్ని. విండోస్ దొంగ కాపీ ఎక్కిస్తే తొందరగా అయిపోతుంది కదా అన్నాను మొదట్లో.

"దొంగసరుకు ముందర పెట్టుకోని పిల్లకాయలకి పాఠం ఎట్టా చెప్పేది మే?" అన్నారు. లినక్స్ ఎక్కించారు. డబ్బు కట్టక్కర్లేదు, లోపల ఏముందో ఎవరైనా విప్పి చూసుకోవచ్చు. ఆ రెండో గుణమే ఆవిడకి నచ్చింది.

గట్టిగా గాలి వీస్తే చాలు, మా ఊళ్లో కేబుల్ నెట్ పోతుంది. అందుకని సిమ్ వేసే డాంగిల్ కొన్నారు. సిగ్నల్ అందేలా మిద్దె మీద వెదురు గడకి దాన్ని వలతాడుతో కట్టి, పొడుగు వైరు కిందికి లాగారు. తీరా కంప్యూటర్‌కి తగిలిస్తే తెర మీద సీడీ బొమ్మ వచ్చింది. విండోస్ కోసం పెట్టిన సరుకేదో దాని కడుపులో ఉంటుందట, అందుకని ముందు తనని తాను సీడీ అని చెప్పుకుంటుంది. దాని నంబరు కనుక్కుని, నెట్ ఇచ్చే మోడెమ్‌గా మారమని ఒక ఆదేశం టైపు చేయాలి. పమిటచెంగుతో కళ్లద్దాలు తుడుచుకుని, ఒక్కో అక్షరం పైకి చదువుతూ టైపు చేసేవారు. చివర్లో దాన్ని పిల్లని తిట్టినట్టు తిట్టేవారు: "నువ్వు సీడీవి కాదే! వేషం తీయ్!"

పిల్లలు పడీపడీ నవ్వేవాళ్లు. కంప్యూటర్ ఏదైనా తప్పు చూపిస్తే, చదవకుండా మూసేయబోయిన వాళ్ల చేతిమీద చిన్న దెబ్బ పడేది. "ముందర కనపడిందాన్ని నమ్మేస్తే ఎట్టా? అదేం చెప్తా ఉండాదో పూర్తిగా చదువు మే."

ఆ డాంగిల్ పాడైతే కొత్తది తెచ్చారు. దాన్ని తగిలిస్తున్న రోజునే నేను వెళ్లేసరికి ఆవిడ జాకెట్టు చెమటతో తడిసి ఉంది. ఎడమ చెయ్యి రుద్దుకుంటున్నారు.

"ఏంది టీచర్, ఆ చెమటలు?"

"రాత్రి చేపల పులుసు ఎక్కువైంది మే. గ్యాసు. మాత్ర ఏసుకున్నాలే."

నేను ఆటో పిలిచాను. ఆవిడే గుమ్మం దాకా వెళ్లి, "సాయంత్రం రా నాయనా" అని పంపేశారు. నా వైపు తిరిగి, "ఇది కలిస్తే వస్తా. కాలేజీ ఆప్షన్లు పెట్టేదానికి ఆడపిల్లకాయలకి రేపే ఆఖరు" అన్నారు. విడవలూరులో నెట్ సెంటర్ లేదా అని అరిచాను. వినలేదు. నెట్ కలిసింది. "చూడు మే" అని కుర్చీకి వెనక్కి వాలారు. ఇక లేవలేదు.

మర్నాడు ఆ నెట్‌తోనే పిల్లలు ఏడుస్తూ ఆప్షన్లు పెట్టుకున్నారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. కోపమంతా ఆవిడ మీదే. ముందర కనపడిందాన్ని నమ్మొద్దని మా చేతులమీద కొట్టి చెప్పిన మనిషి, చావు గ్యాసు వేషంలో వస్తే నమ్మేశారు. నాకు చదువు పెట్టిన మనిషి. అందుకే క్షమించలేకపోతున్నాను.

పెద్దకర్మ అయ్యాక పిల్లలూ నేనూ గది మళ్లీ తెరిచాం. డాంగిల్ తగిలించగానే తెర మీద సీడీ బొమ్మ వచ్చింది. ఇప్పుడు ఆ మాట నేనే అనాలి. కీబోర్డు పక్కన ఆవిడ గ్యాసు మాత్రల షీటు అలాగే ఉంది, కొన్ని గుంటలు ఖాళీగా. నేను దానివైపే చూస్తుండగా, వెనకనించి పిల్లలందరూ ఒక్కసారిగా అరిచారు.

"వేషం తీయ్!"