దెమ్ అంటే ప్యాంటు

ఆ బట్టల కొట్లో ఆమెను అందరూ మిషనక్క అనేవారు. మేడ మీద వెనకగదిలో, కిటికీ వారగా ఉన్న మిషను ముందు ఇరవై రెండేళ్లుగా కూర్చుంటోంది. కింద కొన్న బట్ట ఒంటికి కుదరకపోతే పైకి వచ్చేది. ఆమె విప్పి, కోసి, మళ్లీ కుట్టి కిందికి పంపేది. పాత కుట్టు ఏదో కొత్త కుట్టు ఏదో వేసుకున్నవాళ్లకే తెలిసేది కాదు. అయితే ఆ వేసుకునేవాళ్లెవరో ఆమె కూడా చూసి ఎరగదు.

మధ్యలో కటింగు మాస్టారు ఉండేవాడు. బట్ట భుజాన వేసుకొచ్చి, "నడుం రెండు వేళ్లు బిగించమ్మా, చేతులు కాస్త వదులు చెయ్యి" అని నోటితో చెప్పి పోయేవాడు. చూపు మందగించి ఆయన పని మానేశాక, యజమాని చిన్నకోడలు కౌంటర్లో కూర్చుంది. మాట్లాడేది తెలుగే కానీ, రాసేది మాత్రం ఇంగ్లీషు. మొదటిరోజే చిట్టీల కట్ట చూపించి, "అక్కా, ఇకనుంచి ఏం చెయ్యాలో రాసి బట్టకి గుచ్చుతాను. చదవడం వచ్చుగా?" అంది.

"ఆ, వచ్చు" అంది మిషనక్క.

వచ్చినవి అక్షరాలే. కూడబలుక్కుంటే పలకగలదు, అర్థం మాత్రం అందదు. కానీ నలభై ఏడేళ్లొచ్చాక, కూతురి వయసు పిల్ల ముందు రాదనడానికి నోరు పెగల్లేదు.

ఆమెకున్న దిక్కల్లా ఇంట్లో మామగారు. కోర్టులో నకళ్లు రాసే గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాడు. ఒక మాటకి ఒకటే అర్థం ఉండాలనీ, రెండోది చెప్పేవాడు దొంగసాక్షి అనీ ఆయన అభిప్రాయం. మొదటి చిట్టీ ఒక కోటుకి గుచ్చి వచ్చింది. అన్నం తినే వేళ మిషనక్క ఆయనకి ఫోను చేసి ఒక్కో అక్షరమే చదివింది.

"టేక్ అంటే తీసుకో. ఇట్ అంటే అది. ఇన్ అంటే లోపల" అన్నాడాయన. "తర్వాతేముంది? వెయిస్టా? నడుం. నడుం దగ్గర దాన్ని లోపలికి తీసుకో."

లోపలికి తీసుకోవడమంటే బిగించడమేగా అనుకుని బిగించింది. అదే సరైంది. "చూశావా అమ్మాయ్, ఇంగ్లీషంటే ఇంతే. మాట పక్కన మాట పేర్చుకుంటూ పోవడమే" అన్నాడు మామగారు సాయంత్రం, మీసం దువ్వుకుంటూ.

మూడోరోజు బూడిదరంగు ప్యాంటు ఒకటి వచ్చింది. చిట్టీ మీద టేక్ దెమ్ అప్, ఎ లిటిల్ అని ఉంది. మళ్లీ మామగారికి ఫోను చేసింది.

"దెమ్ అంటే వాళ్లని. అప్ అంటే పైకి. వాళ్లని పైకి తీసుకెళ్లు."

"ఎవరిని మామయ్యా?"

"ప్యాంటు ఎవరిదో వాళ్లని. ఎ లిటిల్ అంటే కొంచెం. 'కొంచెం వాళ్లని పైకి తీసుకెళ్లు' అంటోంది. మర్యాద తెలిసిన పిల్ల."

మిషనక్క కిందికి దిగింది. చిన్నకోడలు గోడవైపు తిరిగి ఫోనులో మాట్లాడుతోంది. బెంచీ మీద ముసలి దంపతులు కూర్చున్నారు, ఆయన చేతిలో కర్ర ఉంది. "ఈ ప్యాంటు మీదేనాండీ? కొంచెం పైకి రండి" అంది. ఆయన కర్ర ఆనించి లేచాడు. పద్దెనిమిది మెట్లు. ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆనించి, ఊపిరి తీసుకుని, ఎక్కాడు. వెనకాల భార్య, పడితే పట్టుకుందామన్నట్టు చేతులు చాచి.

పైకి తెచ్చాక ఏం చెయ్యాలో మిషనక్కకి తోచలేదు. తెలిసిన పని చేసింది. తెర వెనక ప్యాంటు తొడుక్కోమని, పంటికింద గుండుసూదులు పెట్టుకుని నేల మీద మోకరిల్లింది. కుడికాలు కొంచెమే పొడవు. ఎడమది మాత్రం మడమ కింద పడి నలుగుతోంది.

"విరిగి అతికిన కాలమ్మా" అన్నాడు ముసలాయన మెల్లిగా. "పొట్టయిపోయింది. కొట్లో చెప్పను. రెండూ ఒక్కలా కోసేస్తారు, ఎడమది ఈడ్చుకుంటూ తిరుగుతాను."

"చెప్తే నోట్లో ముత్యాలు రాలిపోతాయి మరి!" అంది భార్య.

ఇంతలో చిన్నకోడలు రొప్పుతూ వచ్చింది. "అక్కా, కస్టమర్లని పైకి తెచ్చావేంటి?"

"నువ్వే రాశావుగా, వాళ్లని పైకి తీసుకెళ్లమని!"

ఆ పిల్ల చిట్టీ చూసి, గుమ్మంలోనే కూలబడి నవ్వింది. మిషనక్క మొహం చూశాక నవ్వు ఆగిపోయింది. "దెమ్ అంటే ఇక్కడ వాళ్లు కాదక్కా. ప్యాంటు."

"ఒక్క ప్యాంటుని పట్టుకుని వాళ్లు, వీళ్లు అంటారా?"

"రెండు కాళ్లున్నాయని ఇంగ్లీషులో అది ఎప్పుడూ బహువచనమే. టేక్, అప్ కలిస్తే పొడవు తగ్గించడం. విడగొడితే ఆ అర్థం పోతుంది."

"మరి నువ్వే విడగొట్టావుగా, మధ్యలో దెమ్ దూర్చి?"

చిన్నకోడలు తల గోక్కుంది. "ప్యాంటు అని పేరు రాస్తే చివర్న కూడా పెట్టొచ్చు. ఇట్, దెమ్ లాంటి పొట్టిమాటలైతే మాత్రం మధ్యలోనే ఉండాలి. ఎందుకంటే చెప్పలేనక్కా, అంతే."

"మొగుడూ పెళ్లాల మధ్య పసిపిల్లలాగా అన్నమాట" అంది ముసలామె.

వాళ్లు వెళ్లాక మిషనక్క, "నాకు అక్షరాలే వచ్చమ్మా. ఆవేళ వచ్చని చెప్పింది అబద్ధం" అంది. చిన్నకోడలు కిందికి వెళ్లింది. ఒక పాతకోటు తెచ్చి బల్ల మీద పరిచింది. బిగిస్తే టేక్ ఇట్ ఇన్. వదులు చేస్తే లెట్ ఇట్ అవుట్. మడత విప్పి పొడవు పెంచితే లెట్ ఇట్ డౌన్. గంటలో అన్నీ పట్టుబడ్డాయి. ఆ పనులు చేతులకి ఎప్పటినుంచో వచ్చు, పేర్లే కొత్త.

మామగారికి ఈ సంగతి మింగుడుపడలేదు. "దెమ్ అంటే ప్యాంటట! ఏ కోర్టులో చెల్లుతుంది?" అని రెండురోజులు మూతి ముడుచుకున్నాడు.

ఎడమకాలు రెండు వేళ్లు ఎక్కువ తగ్గించిన ప్యాంటు ముసలాయనకి అచ్చంగా సరిపోయింది. ఆయన చెప్పగా ఆయన ఈడువాళ్లు ఇంకో నలుగురు వచ్చి, పైన ఉండే ఆవిడే కొలవాలన్నారు. ముసలివాళ్లతో మెట్లెక్కించడం బాగుండదని యజమాని మిషనును కిందికి దింపించాడు. కింద గోల ఎక్కువని ఆమె వారం రోజులు సణిగింది, తర్వాత అలవాటు పడింది. ఎదురుగా మనిషే నిలబడి చెబుతుంటే చిట్టీలతో పనిలేకపోయింది. అయినా చిన్నకోడలు తీరిక దొరికినప్పుడల్లా కొత్త మాట ఒకటి చెబుతూనే ఉంది.

సాయంత్రం మిషనక్క చెప్పులు విడుస్తుండగానే మామగారు కుర్చీలోంచి, "ఇవాళేం నేర్పింది ఆ పిల్ల?" అని అడుగుతాడు. విని, "తప్పు" అంటాడు. ఆమె కాళ్లు కడుక్కోవడానికి వెళ్లగానే కళ్లజోడు పెట్టుకుని రాసుకుంటాడు.